రొమెరో శవాలు, మా నాన్నగారి వేలిముద్రలు

శవాలు లేచి నడిచే సినిమాలు తీసిన ఒక అమెరికా దర్శకుణ్ణి గురించి రాయబోతూ మా నాన్నగారి పింఛను సంగతి ఎత్తుకోవడం వింతగా తోచవచ్చు. జార్జ్ రొమెరో పేరు ఎక్కడ కంటబడినా నా మనసులో ముందుగా మెదిలేది, చిన్న గాజు పలక మీద బొటనవేలు ఆనించి ఎదుటి గుమాస్తా ముఖంలోకి ఆశగా చూస్తున్న మా నాన్నగారే. అంచేత రెండింటినీ విడదీసి రాయడం నా చేత కాలేదు. కేవలం సినిమా కబుర్ల కోసం వచ్చినవారు ఆ భాగాలను దాటుకుని పోవచ్చు, నేనేమీ అనుకోను.

2005లో హైదరాబాదులో నేనుండే అద్దె ఇంటికి తొలిసారి బ్రాడ్‌బ్యాండు వచ్చింది. కరువు సీమవాడికి కాలవ గట్టున కొంప దొరికినట్టయింది నా పరిస్థితి. రాత్రుళ్ళు కంప్యూటరు ఆపకుండా ఏదో ఒకటి దించుకుంటూ ఉండేవాణ్ణి. కాపీహక్కులు లేని పాత చిత్రాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయని తెలిసి, అందరూ గొప్పగా చెప్పుకునే 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' దించాను. నాన్నగారు అప్పుడు కళ్ళు చూపించుకోవడానికి తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ముప్ఫయ్యేళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేసి విరమించిన మనిషి. ఇంగ్లీషు చక్కగా చదవగలరు కానీ అమెరికావాళ్ళ ఉచ్చారణ ఆయన చెవికి ఎక్కదు. అయినా కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నారు.

కథ చాలా చిన్నది. తండ్రి సమాధి మీద పూలు ఉంచడానికి ఒక అన్నా చెల్లెలూ శ్మశానానికి వస్తారు. అక్కడ తడబడుతూ నడిచే ఒక మనిషి వాళ్ళ మీద పడతాడు. అన్న చనిపోతాడు. చెల్లెలు పరుగెత్తి పొలాల మధ్యనున్న ఒక ఒంటరి ఇంట్లో దూరుతుంది. కొంతసేపటికి బెన్ అనే నల్లజాతి యువకుడు అక్కడికే వచ్చి, తలుపులకూ కిటికీలకూ చెక్కలు కొట్టడం మొదలుపెడతాడు. నేలమాళిగలో మరికొందరు దాక్కుని ఉన్నారని తరవాత తెలుస్తుంది. బయట శవాలు మూగుతూంటే లోపలివాళ్ళు, పైన ఉండాలా కింద ఉండాలా అని తెల్లవార్లూ పోట్లాడుకుంటారు. నేలమాళిగ చావుకు చోటని వాదించిన బెన్, చివరకు ఆ నేలమాళిగలో దాక్కునే ప్రాణం దక్కించుకుంటాడు. తెల్లవారాక తుపాకులు పట్టుకుని శవాలను ఏరివేస్తూ వచ్చిన ఊరివాళ్ళు, కిటికీలో అతని తల చూసి కాల్చేస్తారు. ఆ పైన కదలని ఛాయాచిత్రాలు కొన్ని వస్తాయి: కొక్కేలు, మంట, అతని దేహం. అంతటితో అయిపోతుంది.

నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అతన్నెందుకు కాల్చారురా?" అని అడిగారు.

"శవం అనుకున్నారు నాన్నా. పొరబాటు."

"పొరబాటేనంటావా?"

నా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన లేచి వీధి తలుపు గడియ చూసుకుని వచ్చి పడుకున్నారు. సినిమా అంతటికీ కీలకమైన ప్రశ్నను, సంభాషణలు సగం అందని ఆ మనిషి ఒక్క మాటలో పట్టుకున్నారని నాకు తెలియడానికి చాలా కాలమే పట్టింది. బెన్ పాత్రకు డ్వేన్ జోన్స్‌ను ఎంచుకున్నది, వచ్చినవాళ్ళలో అతను మేటి నటుడు కాబట్టేనని రొమెరో ఎప్పుడూ చెప్పేవాడు. పాత్ర ఏ రంగువాడో రచనలో లేదు. కానీ 1968 ఏప్రిల్ 4 రాత్రి, పూర్తయిన ప్రింటును కారులో పెట్టుకుని పంపిణీదారుల కోసం న్యూయార్క్ వెళుతూంటే, మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారన్న వార్త రేడియోలో విన్నామని కూడా అతనే చెప్పాడు. తీసినప్పుడు లేని అర్థం, చూపించే వేళకు దానంతట అదే వచ్చి చేరింది. ముగింపు మార్చి సుఖాంతం చెయ్యమని అడిగిన సంస్థ కూడా ఉంది. తీసినవాళ్ళు ఒప్పుకోలేదు.

ఇంతకీ ఎవరీ రొమెరో? 1940లో న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి క్యూబా నుంచి వచ్చినవాడు, తల్లిది లిథువేనియా మూలం. చిన్నప్పుడు అతని ప్రాణమంతా, పావెల్, ప్రెస్‌బర్గర్లు తీసిన 'ది టేల్స్ ఆఫ్ హాఫ్‌మన్' అనే సంగీత చిత్రం మీద ఉండేది. దాని 16 మిల్లీమీటర్ల ప్రింటును అద్దెకు తెచ్చుకుని ఇంట్లో వేసుకునేవాడట. ఎప్పుడైనా ప్రింటు దొరకలేదంటే, దాన్ని పట్టుకుపోయింది అదే ఊళ్ళో ఉన్న మరొక కుర్రాడన్నమాట. ఆ కుర్రాడి పేరు మార్టిన్ స్కోర్సేసీ. సంగీత నాటకాలంటే చెవి కోసుకునే పిల్లవాడు మనుషులు మనుషులను తినే సినిమాలు తీసి పేరు తెచ్చుకోవడం చూస్తే, మనం కోరుకున్నదొకటి మనకు దక్కేదొకటి అనుకోవడం తప్ప ఏం చేస్తాం.

చదువుకోసం పిట్స్‌బర్గ్ వెళ్ళి, ఆ ఉక్కు పట్నంలోనే స్థిరపడి, మిత్రులతో కలిసి వ్యాపార ప్రకటనలు తీసే చిన్న సంస్థ పెట్టాడు. పిల్లల కోసం 'మిస్టర్ రోజర్స్' కార్యక్రమానికి కూడా చిన్న చిన్న తునకలు తీశాడు. అందులో ఒకటి, గొంతులో గవద బిళ్ళలు తీయించుకోవడం ఎలా ఉంటుందో పిల్లలకు చూపించేది. తాను తీసినవాటిలో అన్నిటికన్నా భయంకరమైనది అదేనని తరవాతి రోజుల్లో హాస్యమాడేవాడు. సినిమా తీద్దామన్న కోరిక పుట్టినప్పుడు పదిమంది తలా 600 డాలర్లు వేసుకున్నారు. ఆ 6,000తో మొదలై, అక్కడా ఇక్కడా పోగుచేసినది కలిపి ఖర్చు సుమారు 1,14,000 డాలర్లకు చేరింది. కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఒక పాత ఇల్లే రంగస్థలం. నలుపు తెలుపుల్లో రక్తంగా కనిపించినది చాక్లెట్ పాకం.

ఇక అసలు ముచ్చట. చిత్రానికి మొదట పెట్టిన పేరు 'నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్'. ఆ పేరున్న పలక మీదే కాపీహక్కు ప్రకటన కూడా ఉంది. పంపిణీదారులు పేరు మార్చినప్పుడు పాత పలక తీసేసి కొత్తది అతికించారు. కొత్తదాని మీద ఆ ప్రకటన వెయ్యడం మరిచారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క పంక్తి లేకుండా విడుదలైతే హక్కు పోయినట్టే. అంటే 1968 అక్టోబరులో తెర మీదకు వచ్చిన మరుక్షణం నుంచీ ఆ చిత్రం అందరిదీ అయింది. ఎవరైనా ప్రింట్లు తీసుకోవచ్చు, కేసెట్లు అమ్ముకోవచ్చు, నాలాంటివాడు అర్ధరాత్రి దించుకోవచ్చు. ప్రపంచమంతా చూసిన చిత్రం నుంచి తీసినవాళ్ళ చేతికి వచ్చింది బహు స్వల్పం.

ఈ సంగతి మర్నాడు నాన్నగారికి చెబితే ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "హద్దులు రాయని దస్తావేజులు ఎన్ని చూశాను! ఒక్క పంక్తి పోతే పొలమే పోతుంది" అన్నారు. రొమెరో మీద ఆయనకు ఆ రోజునుంచీ ఒక విధమైన సానుభూతి. ఫోను చేసినప్పుడు అప్పుడప్పుడూ "ఆ హద్దులు రాసుకోని వాడు ఇంకా సినిమాలు తీస్తున్నాడా?" అని అడిగేవారు.

హక్కు పోవడం వల్లనే ఆ చిత్రం అంతగా వ్యాపించిందని వాదించేవారున్నారు. నిజమే కావచ్చు. ప్రేక్షకుల వయసును బట్టి చిత్రాలకు శ్రేణులు ఇచ్చే పద్ధతి అమెరికాలో 1968 నవంబరులో గానీ రాలేదు. అందువల్ల మాటినీకి వచ్చిన చిన్న పిల్లలు కూడా దీన్ని చూశారు. అలా చూసి బిగుసుకుపోయి ఏడ్చిన పిల్లల గురించి రోజర్ ఈబర్ట్ రాసిన వ్యాసం ప్రసిద్ధం. రెండేళ్ళు తిరక్కుండా 1970లో న్యూయార్క్ ఆధునిక కళల ప్రదర్శనశాల అదే చిత్రాన్ని వేసింది. 1999లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చారు. గౌరవం వచ్చింది. గౌరవంతో తరవాతి సినిమాకు ఫిల్ము కొనలేం కదా!

మరొక విశేషం, ఆ చిత్రంలో 'జాంబీ' అన్న మాట ఎక్కడా వినిపించదు. జాంబీ హైతీ దీవి పదం. మంత్రగాడికి వెట్టిచాకిరీ చేసే శవం. రొమెరో మంత్రగాణ్ణి తీసేశాడు, యజమానిని తీసేశాడు, ఆకలిని మాత్రం ఉంచాడు. రిచర్డ్ మాథెసన్ నవల 'ఐ యామ్ లెజెండ్' తనకు ప్రేరణ అని దాచకుండా ఒప్పుకున్నాడు కూడా. చందమామ చదివి పెరిగిన మనకు శవం లేవడం కొత్త కాదు. కానీ మన బేతాళుడు శవంలో దూరి కథ చెబుతాడు, ప్రశ్న వేస్తాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందంటాడు. రొమెరో శవాలకు మాటే లేదు. 2021లో ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి' తీసి రాయలసీమలో నడిపించినవి కూడా బేతాళుడి సంతతి కావు, పిట్స్‌బర్గ్ నుంచి దిగుమతి అయినవే.

తొలి విజయం తరవాత అతను దయ్యాల దర్శకుడిగా మిగిలిపోవడం ఇష్టంలేక 1971లో ఒక ప్రేమకథ తీశాడు. ఎవరూ చూడలేదు. ఒక గృహిణి విసుగు గురించి మరొకటి తీస్తే పంపిణీదారులు దాన్ని కోసి, పేరు మార్చి, బూతు చిత్రంలా అమ్మబోయారు. 1973లో 'ది క్రేజీస్' కూడా పోయింది. అదే సంవత్సరం ఒక క్రైస్తవ సేవాసంస్థ అడిగితే వృద్ధుల గురించి గంట కన్నా తక్కువ నిడివిగల చిత్రం ఒకటి మూడు రోజుల్లో తీసి ఇచ్చాడు. దాని సంగతి తరవాత చెబుతాను.

నన్నడిగితే అతని చిత్రాల్లో ఉత్తమమైనది 1978లో వచ్చిన 'మార్టిన్'. అతనికీ అదే ఇష్టం. బ్రాడక్ అనే ఊళ్ళో ఉక్కు కర్మాగారాలు మూతబడుతున్న రోజులు. తాను రక్తపిశాచినని నమ్మే ఒక కుర్రాడు. కోరలు లేవు, మంత్రాలు లేవు, చేతిలో సూదీ బ్లేడూ ఉన్నాయి. అతనికి నిజంగా పిశాచ లక్షణముందో, ఇంటి పెద్దాయన చిన్నప్పటినుంచీ అలా అనగా అనగా అయ్యాడో చివరిదాకా తేలదు. చూసి రెండు రోజులు మాట్లాడకుండా ఉన్నాను.

కానీ డబ్బు తెచ్చినది మళ్ళీ శవాలే. పిట్స్‌బర్గ్ శివారులో మన్రోవిల్ మాల్ అనే పెద్ద అంగళ్ళ సముదాయం ఉండేది. అది చూసి 'డాన్ ఆఫ్ ది డెడ్' ఆలోచన వచ్చింది. ఇటలీ దర్శకుడు డారియో అర్జెంతో రోముకు పిలిపించుకుని అక్కడే కూర్చోబెట్టి రాయించి, పెట్టుబడిలో సాయపడ్డాడు. అంగళ్ళు మూసిన తరవాత రాత్రి మొదలుపెట్టి తెల్లవారేలోగా సర్దేసుకుంటూ చిత్రీకరించారు. క్రిస్మస్ అలంకరణలు పెట్టినన్నాళ్ళూ ఆపుకోవలసి వచ్చింది. చచ్చినవాళ్ళు ఆ మాల్‌కే ఎందుకు వస్తున్నారని ఒకరు అడిగితే, అది వాళ్ళ బతుకులో ముఖ్యమైన చోటు, ఆ జ్ఞాపకమే లాక్కొస్తోందని ఇంకొకరంటారు. మెట్ల యంత్రం మీద పడుతూ లేస్తూ వెళ్ళే ఆ శవాలను చూస్తే నవ్వొస్తుంది. తరవాత హైదరాబాదులో మాల్స్ వచ్చాక, ఆదివారం సాయంత్రం అదే మెట్ల మీద పిల్లల చెయ్యి పట్టుకుని ఎక్కుతూ ఒకసారి నన్ను నేను అద్దంలో చూసుకున్నాను. ఆ నవ్వు పోయింది.

1985లో 'డే ఆఫ్ ది డెడ్' నాటికి కావలసిన పెట్టుబడిలో దాదాపు సగమే దొరికింది. హింస తగ్గించి శ్రేణికి లోబడితే ఎక్కువ ఇస్తామన్నారు. అతను తగ్గించలేదు, తన రచననే కుదించుకున్నాడు. సున్నపురాయి గనిలో తీసిన ఆ చిత్రంలో బబ్ అని ఒక శవం ఉంటుంది. గొలుసు కట్టేసి ఉన్న అతనికి ఒక వైద్యుడు పుస్తకం ఇస్తాడు, సంగీతం వినిపిస్తాడు. ఎదురుగా సైనికాధికారి కనబడితే బబ్ చెయ్యెత్తి వందనం చేస్తాడు. వందనం అందుకోవలసిన బతికున్న మనిషి మాత్రం తిరిగి చెయ్యెత్తడు. బేతాళుడి తరవాత ఒక శవం మీద నాకు ప్రేమ కలిగింది అక్కడే. చిత్రం ఆడలేదు. అదే వేసవిలో వేరొకరు తీసిన 'రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్' ఆడింది. జాంబీలు మెదడు తింటాయన్న ప్రచారం దాని పుణ్యమే, రొమెరోకు ఏ సంబంధమూ లేదు.

ఆ పైన ఇరవయ్యేళ్ళ కథను త్వరగా దాటేస్తాను, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం ఎదురుచూపే. మరో నాలుగైదు చిత్రాలు తీసినా ఏదీ నిలబెట్టలేదు. 'రెసిడెంట్ ఈవిల్' అనే వీడియో ఆట అతని చిత్రాల నీడలో పుట్టింది. దాన్ని సినిమాగా రాయమని అతన్నే అడిగి, రాసినది పక్కన పడేసి వేరొకరితో తీయించుకున్నారు. 2004లో 'డాన్' చిత్రాన్ని ఇతరులు మళ్ళీ తీసి లాభాలు గడించారు. లోకమంతా శవాలతో నిండిపోయాక, 2005లో ఒక పెద్ద స్టూడియో పిలిచి 'లాండ్ ఆఫ్ ది డెడ్' తీయమంది. టీవీలో 'ది వాకింగ్ డెడ్' వచ్చినప్పుడు కొన్ని భాగాలకు దర్శకత్వం వహించమంటే తనే వద్దన్నాడు. చివరి చిత్రం 2009లోది. 2017 జులై 16న టొరంటోలో, 77వ యేట, తనకిష్టమైన 'ది క్వయట్ మాన్' సినిమా సంగీతం వింటూ, భార్యా కూతురూ పక్కనుండగా కన్నుమూశాడు. నాన్నగారికి ఫోనులో చెప్పాను. "హద్దులు రాయించుకోకుండానే పోయాడన్నమాట" అన్నారు.

ఆ మరుసటి ఏడే నేను చెప్పదలచుకున్న సంగతి జరిగింది. పింఛనుదార్లు ఏటా ఒకసారి తాము బతికే ఉన్నామని రుజువు చూపాలి. లైఫ్ సర్టిఫికెట్ అంటారు. అంతకు ముందు సంతకంతో సరిపోయేది, ఆ ఏడు యంత్రం మీద వేలు పెట్టాల్సి వచ్చింది. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్న నాన్నగారిని నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. రెండు గంటల వరస తరవాత వేలు పెట్టారు. పలకలేదు. తుడుచుకుని పెట్టారు. పలకలేదు. పది వేళ్ళూ అయ్యాయి. వయసుతో గీతలు అరిగిపోతాయట. గుమాస్తా విసుక్కోలేదు పాపం. విసుక్కున్నది నేను. "కాస్త గట్టిగా నొక్కండి, ఎంతసేపు!" అని అందరి ముందూ అరిచాను. ఆయన నా వంక చూడలేదు, తన బొటనవేలి వంక చూసుకున్నారు. ముప్ఫయ్యేళ్ళకు పైగా రిజిస్టరులో ఊరందరి బొటనవేళ్ళూ పట్టుకుని సిరా అద్ది ముద్ర వేయించిన మనిషి. ఆఫీసు నుంచి ఫోను వస్తే ఆయన్ని బల్ల మీద కూర్చోమని చెప్పి బయటకు పోయాను. గంట పట్టింది. తిరిగి వచ్చేసరికి ఆధార్ నకళ్ళు ఒళ్ళో పెట్టుకుని, కూర్చోమన్న చోటనే, కూర్చోమన్నట్టే ఉన్నారు. ఆయన్ను పిలిచిన అంకె ఎప్పుడో దాటిపోయింది.

నాన్నగారు 2020లో పోయారు. 2022 వేసవిలో న్యూజెర్సీలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు, రొమెరో 1973లో తీసి ఇచ్చాడన్న ఆ వృద్ధుల చిత్రం చూశాను. పేరు 'ది అమ్యూజ్‌మెంట్ పార్క్'. దశాబ్దాలపాటు మరుగున ఉండిపోయి, అతను పోవడానికి కొద్దిగా ముందు ఒక పాత ప్రింటు బయటపడింది. భార్య పూనుకుని బాగుచేయించగా 2021లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇందులో ఒక్క శవమూ లేదు. తెల్ల సూటు వేసుకున్న ముసలాయన నవ్వుతూ వినోదాల తోటలోకి వెళతాడు. ఆ వేషం కట్టిన లింకన్ మజెల్‌కు అప్పటికే 70 ఏళ్ళు. 'మార్టిన్'లో ఇంటి పెద్దాయన కూడా ఇతనే. తోటలో ఎవరూ అతన్ని తినరు. టికెట్ల దగ్గర ముసలివాళ్ళ విలువైన వస్తువులు చవగ్గా లాక్కుంటారు. కాగితాలు నింపమంటారు. వరసలో నిలబెడతారు. పక్కనుంచి తోసుకుపోతారు. ఒక చిన్న పిల్లకు కథ చదివి వినిపిస్తూంటే తల్లి వచ్చి పిల్లను లాక్కుపోతుంది. చివరకు నలిగిన బట్టలతో, నెత్తుటి కట్టుతో తెల్లటి గదిలోకి వచ్చి కూలబడతాడు. తలుపు తెరుచుకుని, శుభ్రమైన తెల్ల సూటులో నవ్వుతూ, తనే మళ్ళీ లోపలికి వస్తాడు. బయట ఏమీ లేదు, వెళ్ళవద్దని కూర్చున్నవాడు చెబితే, వచ్చినవాడు వినడు.

మా చెల్లెలు సగంలో లేచి వెళ్ళిపోయింది. నేను చివరిదాకా చూశాను. ఆ వరసలో నెట్టేవాళ్ళ ముఖాల్లో నాకు ఊరివాళ్ళెవరూ కనబడలేదు.

యంత్రం సంగతికి ముగింపు ఉంది. 2019లో నాన్నగారు నాకు చెప్పకుండా ఒక్కరే ఆటో మాట్లాడుకుని వెళ్ళివచ్చారు. ముందు రాత్రి పది వేళ్ళకూ కొబ్బరినూనె రాసుకుని పడుకున్నారని మా ఆవిడ తరవాత చెప్పింది. నేను ఆఫీసులో ఉండగా మధ్యాహ్నం ఫోను చేశారు. గొంతులో అంత సంతోషం నేను చాలా కాలంగా వినలేదు.

"ఉంగరం వేలు పలికిందిరా! ఈ ఏటికి బతికే ఉన్నాను."